ఆర్నెల్లకోసారి కట్టొచ్చని చెప్పండి: గోదావరి డెల్టా బ్యాంకు మేనేజర్లకు, పోస్టుమాస్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

రాజోలు నుంచి ఆకివీడు దాకా, రామచంద్రపురం నుంచి నరసాపురం దాకా మన డెల్టాలో బ్యాంకు శాఖలు నడుపుతున్న మేనేజర్లకు, పోస్టాఫీసు కౌంటర్లలో పొద్దుటి నుంచి జనాన్ని తట్టుకుంటున్న పోస్టుమాస్టర్లకు, వీళ్ళందరి నెత్తిన టార్గెట్లు పెట్టే రీజనల్ ఆఫీసులవారికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పాలకొల్లులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు రాసి బతికేవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి కట్టాల్సిన పన్నే ఉండదు. లోను కోసమో, పిల్లల వీసా కోసమో రిటర్ను కావాలి, అంతే. పని అయ్యాక కుర్చీలోంచి లేవకుండా, గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు: "ఇంట్లో కొంత సొమ్ముందండీ, ఏం చెయ్యమంటారు?" ఈ మాట అడగాల్సింది మీ దగ్గర. అక్కడ ఎందుకు అడగడం లేదో, అడిగినవాళ్ళకి ఏం జరుగుతోందో మీకు చెప్పాలనిపించింది.

డెల్టాలో డబ్బు నెలనెలా రాదు. సార్వా (వానాకాలం వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దాళ్వా (రెండో పంట వరి) ఏప్రిల్ నెలాఖరుకి మొదలై మే దాకా. కొబ్బరి తోట ఉన్నవాళ్ళకి దింపుకి దింపుకి. రొయ్య వేసినవాళ్ళకి పట్టుబడి అయిన రోజున. రావులపాలెం యార్డుకి అరటి గెలలు వేసుకెళ్ళేవాళ్ళకి ధర ఉన్న వారం ఒక లెక్క, లేని వారం ఇంకో లెక్క. ఇలా ఒక్కసారిగా వచ్చిన సొమ్ములో ఎరువుల కొట్టు బాకీ, కూలీలు, మక్తా (కౌలు సొమ్ము), పిల్లల ఫీజులు పోగా మిగిలింది బీరువాలోకి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఎటు పోవాలో తేలేలోగా మళ్ళీ నాట్లు వచ్చేస్తాయి. కొంత చీటీల్లోకి, కొంత ప్రోనోటు మీద ఎవరికో, కొంత బంగారంలోకి, తక్కింది అలాగే నోట్ల కట్టలుగా ఉండిపోతుంది.

జీతగాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి జీతంలోనే పీఎఫ్ కోత పడుతుంది, మార్చి వచ్చేసరికి ఆఫీసులో ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ప్రభుత్వ పొదుపు ఖాతాలన్నీ వాళ్ళ కోసమేనని మన రైతులు గట్టిగా నమ్ముతున్నారు. పదిహేనేళ్ళ పొదుపు ఖాతా పీపీఎఫ్ అంటే టీచర్లు కట్టుకునేది, ముసలితనానికి దాచుకునే ఎన్‌పీఎస్ అంటే గవర్నమెంటు ఉద్యోగులది, పింఛను పథకం అంటే నెలనెలా కట్టలేక మధ్యలో వదిలేసేది అని వాళ్ళ లెక్క. ఈ నమ్మకం తప్పని మీకు తెలుసు. వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

పీపీఎఫ్‌లో ఆర్థిక సంవత్సరానికి కనీసం 500 రూపాయలు పడితే చాలు, లక్షన్నర దాకా ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒకేసారి వేసినా, నాలుగుసార్లు వేసినా అడిగేవాళ్ళు లేరు. ఆడపిల్ల పేరున వేసే సుకన్య సమృద్ధికి ఏడాదికి కనీసం 250. ఎన్‌పీఎస్ అందరికీ తెరిచింది 2009 మే 1న. అందులోనూ నెలవారీ కిస్తీ అంటూ ఏమీ లేదు, చేతిలో ఉన్నప్పుడు వేసుకోవడమే. అన్నిటికంటే మన ఊళ్ళకి సరిగ్గా అతికే సంగతి అటల్ పెన్షన్ యోజనలో ఉంది. దాని చందా నెలకోసారి, మూడు నెలలకోసారి, లేదంటే ఆర్నెల్లకోసారి కట్టుకోవచ్చు. ఆర్నెల్లకోసారి! ఏడాదికి రెండు పంటలు తీసే ప్రాంతానికి ఇంతకంటే ఏం కావాలి? దరఖాస్తులో ఆ గడి ఉంది. దాంట్లో టిక్కు పెట్టేవాళ్ళే కరువు.

ఆచంట వైపు నుంచి వచ్చే ఒక కౌలు రైతు సంగతి చెబుతాను. 30 ఏళ్ళవాడు. ఒక శాఖలో అటల్ పెన్షన్‌కి చేర్చారు, మంచిదే. ఆ వయసులో చేరితే 60 దాటాక నెలకి 5,000 వచ్చే పింఛనుకి నెల చందా 577 రూపాయలు. అతణ్ణి ఏమీ అడక్కుండానే నెలవారీ అని రాసేశారు. జనవరి నుంచి మూడు నాలుగు నెలలు ఖాతాలోంచి బాగానే కోసుకున్నారు. జులై, ఆగస్టుల్లో నాట్లకీ ఎరువులకీ ఖాతా ఊడ్చుకుపోయి ఉంటుంది కదా. చందా బౌన్సయింది. ఆలస్యానికి రుసుము పడింది. తరువాత ఖాతాలో ధాన్యం సొమ్ము పడీ పడగానే పాత బాకీలన్నీ ఒకేసారి లాగేసుకున్నారు. "నా డబ్బు నన్నడక్కుండా తీసేస్తున్నారండీ, ఇది మూసెయ్యమని చెప్పండి" అని నా దగ్గరికొచ్చాడు. అదే చందాని ఆర్నెల్లకోసారి సుమారు 3,400గా పెట్టుంటే డిసెంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి పోయేది, అతను పట్టించుకునేవాడు కూడా కాదు. పథకం మీద కోపం పెట్టుకుని వెళ్ళిపోయిన మనిషిని మళ్ళీ ఒప్పించడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ శాఖలో ఉన్న అటల్ ఖాతాల జాబితా ఒకసారి తీయించండి. వాటిలో రైతులవి, కౌలుదార్లవి, కూలీలవి ఎన్ని నెలవారీగా ఉన్నాయో, ఎన్ని బాకీ పడి ఉన్నాయో చూడండి. చందా కట్టే విడత మార్చుకోవడానికి దరఖాస్తు ఉంది. మనిషిని పిలిచి సంతకం పెట్టించుకోవడానికి పది నిమిషాల పని.

ఈ 5,000 గురించి గొప్పలు పోనక్కర్లేదని కూడా చెప్పండి. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతూ పోతే, 30 ఏళ్ళ తరువాతి 5,000 ఇవాళ్టి లెక్కలో 1,150 రూపాయల పాటి. ఉప్పూ పప్పూ ఖర్చు. అయినా అతని తదనంతరం భార్యకి అదే పింఛను వస్తుంది, ఆమె తరువాత నామినీకి దాదాపు 8 లక్షల 50 వేలు ముడుతుంది. కాబట్టి అడుగున ఒక ఆధారంగా దీన్ని పెట్టుకోమనడం న్యాయం. దీంతోనే ముసలితనం గడిచిపోతుందని నమ్మించడం అన్యాయం. చేరే వయసు 18 నుంచి 40 మధ్యే. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళని 2022 అక్టోబరు 1 నుంచి చేర్చుకోవడం లేదు. సొంత భూమి ఐదెకరాలలోపు ఉన్న రైతుకైతే 2019 సెప్టెంబరులో మొదలైన కిసాన్ మాన్‌ధన్ ఉంది. వయసును బట్టి నెలకి 55 నుంచి 200 దాకా రైతు కడితే అంతే సొమ్ము కేంద్రం వేస్తుంది, 60 తరువాత నెలకి 3,000. పీఎం కిసాన్ సొమ్ములోంచే చందా పోయేలా పెట్టుకునే వీలూ ఉంది. మన దగ్గర నాగలి పట్టేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లు. భూమి కాగితం వాళ్ళ పేరున ఉండదు కనుక ఇది వాళ్ళకి అందదు. వాళ్ళకి అటలే దిక్కు.

ఇప్పుడు కాస్త కటువైన విషయం. దాళ్వా డబ్బు పట్టుకుని పీపీఎఫ్ తెరుద్దామని మీలాంటి ఒక శాఖకి వెళ్ళిన ఒకావిడ, బీమా పాలసీ కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "అదీ ఇదీ ఒకటేనమ్మా, ఇందులో ఇన్సూరెన్సు కూడా కలిసొస్తుంది" అన్నారట. ఒకటి కాదు. సాధారణంగా పొదుపూ బీమా కలిపిన ఇలాంటి ఎండోమెంటు పాలసీల్లో చివరికి గిట్టేది ఐదారు శాతం, మధ్యలో కట్టలేకపోతే కట్టినదాంట్లోనే కోత. పంట పోయిన ఏడాది ప్రీమియం ఎక్కణ్ణుంచి తెస్తుంది ఆవిడ? పీపీఎఫ్‌లో అయితే ఆ ఏడాది 500 వేసి ఊరుకునేది. అదృష్టం కొద్దీ పాలసీ చేతికొచ్చి వారమే అయింది. కాగితం అందిన 30 రోజుల్లోగా వద్దని తిప్పి పంపవచ్చన్న నిబంధన ఉండబట్టి డబ్బు వెనక్కొచ్చింది. ఆ నిబంధన కౌంటరు దగ్గర ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఎందుకిలా జరుగుతుందో తెలియక అడగడం లేదు. ఒకప్పుడు పీపీఎఫ్ కట్టిస్తే ఏజెంటుకి నూటికి రూపాయి కమీషను ఉండేది. సీనియర్ సిటిజన్ల పథకానికి అర్ధ రూపాయి. 2011 డిసెంబరు 1 నుంచి ఆ రెండూ తీసేశారు. సర్కారుకి ఖర్చు తగ్గింది. ఆ రోజు నుంచీ ఊళ్ళో పీపీఎఫ్ గురించి మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. బీమా పాలసీకి మాత్రం మొదటి ఏడాది ప్రీమియంలోనే మంచి వాటా దొరుకుతుంది, శాఖకి టార్గెట్టు ఉంటుంది, మేనేజరుకి పై నుంచి ఫోను వస్తుంది. ఇక ఎవరు దేన్ని అమ్ముతారో అడగాలా? కౌంటరులో కూర్చున్న కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎమ్మెస్సీ చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న పిల్లాడు, సాయంత్రం అయ్యేసరికి ఎన్ని పాలసీలని అడిగించుకుంటున్నాడు. నా కోపం ఆ ఫోను చేసేవాళ్ళ మీద. పంట రుణానికీ, బంగారం లోనుకీ, లాకరుకీ పాలసీ ముడిపెట్టకూడదని నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. వాటిని మీరే పాటించకపోతే రైతు చీటీల వాళ్ళనే నమ్ముకుంటాడు. మునిగేదాకా వాళ్ళు కనీసం నవ్వుతూ పలకరిస్తారు.

"పన్ను మిగులుతుందండీ" అన్న మాట గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వృత్తి అదే. వరి, కొబ్బరి, అరటి మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. అది మాత్రమే ఆదాయంగా ఉన్న రైతుకి 80సీ అని మనం అలవాటుగా పిలుస్తున్న పొదుపు మినహాయింపుతో ఒరిగేది సున్నా. పైగా 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్టు, అందులో ఆ మినహాయింపే లేదు. 2025-26 నుంచి మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నవాళ్ళకి రిబేటు వల్ల పన్ను పడదు. ఇంత మారాక కూడా రైతు ముందు కూర్చుని "ట్యాక్స్ సేవింగ్ పాలసీ" అంటున్నారంటే, లేని జబ్బుకి మందు అమ్ముతున్నట్టే.

అయితే రైతుకి నిజంగా పనికొచ్చే పన్ను లాభం ఒకటుంది, అది ఎవరూ చెప్పరు. పంట డబ్బుకి పన్ను లేదు గానీ, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేస్తే వచ్చే వడ్డీ వ్యవసాయ ఆదాయం కాదు. అది మామూలు ఆదాయమే, పన్ను లెక్కలోకి వస్తుంది. నూటికి రెండు రూపాయలకి తిప్పిన అప్పు మీద వడ్డీ కూడా అంతే, కాకపోతే దాన్ని ఎవరూ రిటర్నులో చూపించరు. పీపీఎఫ్ వడ్డీకి, సుకన్య వడ్డీకి మాత్రం పాత విధానమైనా కొత్త విధానమైనా పన్ను లేదు. చివర్లో తీసుకునే మొత్తానికీ లేదు. కట్టిన ఏడాదికి మినహాయింపు దొరికినా దొరక్కపోయినా పదిహేనేళ్ళు పెరిగినదంతా శుభ్రంగా చేతికొస్తుంది. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది. ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కనుక ఇదే రేటు ఎప్పటికీ ఉంటుందని అనకండి. ఈ రేటే ఉంటుందనుకుని ఏటా ఏప్రిల్ మొదట్లో 50,000 వేస్తే పదిహేనేళ్ళకి సుమారు 13 లక్షల 56 వేలు. కట్టింది ఏడున్నర లక్షలు.

తేదీ సంగతి మన పంటలకి బాగా కలిసొస్తుంది. ఈ ఖాతాలో నెల 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద వడ్డీ లెక్కగడతారు. అంటే 5లోపు వేస్తే ఆ నెల వడ్డీ దక్కుతుంది, 6న వేస్తే పోయినట్టే. సార్వా మిగులు జనవరి 5లోపు వేసుకోవచ్చు. దాళ్వా సొమ్ము చేతికి రావడం మే మధ్యలో కనుక జూన్ 5లోపు. ఇవి రెండూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెడితే ఎంత ఖర్చవుతుంది?

చెరువుల వాళ్ళ విషయం వేరే. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చాలామంది రొయ్యల ఆదాయాన్ని కూడా వ్యవసాయమనే అనుకుంటారు. ఆదాయపు పన్ను చట్టం అలా అనుకోదు. అది వ్యాపార ఆదాయం. చెరువుకి కౌలుకిచ్చిన భూమి మీద వచ్చే మక్తా కూడా వ్యవసాయ ఆదాయం కింద మినహాయింపుకి రాదు. ఈ వర్గానికి పన్ను నిజంగానే పడుతుంది కనుక పాత విధానంలో లక్షన్నర మినహాయింపు, దాని మీద ఎన్‌పీఎస్‌కి ఇంకో 50,000 లెక్క వేసి చూసుకోవడం అవసరం. ఎవరికి పాతది లాభమో, ఎవరికి కొత్తది లాభమో ఆడిటరు చెబుతాడు. మీరు ఎన్‌పీఎస్ ఖాతా తెరిచి పెడితే చాలు. అందులో డబ్బు చాలా ఏళ్ళ దాకా తేలిగ్గా కదలదని, మూడేళ్ళ తరువాత కొన్ని అవసరాలకి సొంతంగా కట్టినదాంట్లో నాలుగో వంతు దాకా తీసుకోవచ్చని, చివర్లో జమ పెద్దదైతే కొంత భాగంతో తప్పనిసరిగా నెలవారీ పింఛను కొనాలని, ఆ పింఛను మీద పన్ను ఉంటుందని, మార్కెట్టుతో పాటు పైకీ కిందికీ వెళ్తుందని ముందే చెప్పండి. రొయ్య కౌంటు (సైజు) పడిపోయిన నెలల్లో, వైట్ స్పాట్ తెగులు వచ్చిన నెలల్లో, 2025లో అమెరికా సుంకాలు పెంచి ధర కుదేలైన నెలల్లో చెరువు రైతు నష్టాన్ని చూసినవాడే. నిజం చెబితే బెదిరిపోడు. చెప్పకపోతేనే మళ్ళీ మీ గుమ్మం ఎక్కడు.

మీ దగ్గరికి రావడానికి జనానికి ఉన్న పెద్ద భయం ఇంకొకటి. "బ్యాంకులో వేస్తే ఇన్‌కమ్ ట్యాక్సు వాళ్ళు పట్టుకుంటారు." ఈ మాట రోజూ వింటాను. 2016 నవంబరు 8 తరువాత క్యూలలో నిలబడ్డ అనుభవం ఇంకా పోలేదు. 2023లో రెండు వేల నోటు వెనక్కి తీసుకున్నప్పుడు మళ్ళీ అదే టెన్షన్. వాళ్ళకి విడమర్చి చెప్పండి. పెద్ద మొత్తంలో నగదు వేస్తే పాన్ అడుగుతారు. ఒక ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు ఆ సమాచారం పైకి పంపుతుంది. పంపినంత మాత్రాన నేరం కాదు. పట్టాదారు పాసు పుస్తకం, ఈ-పంట నమోదు, ధాన్యం కొన్నవాడి రసీదు ఉంటే జవాబు సిద్ధంగా ఉన్నట్టే. కౌలుదారైతే కౌలు కార్డు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదన్న సంగతి మాత్రం ధాన్యం, కొబ్బరి, రొయ్య అమ్మేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ సొమ్ము ఖాతాకే వేయించుకోమని చెప్పాల్సిన మొదటి మనిషి మీరే.

ప్రోనోటు మీద నమ్మకాన్ని నేను వెక్కిరించను. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, ఏ ప్రభుత్వ ఖాతా ఇంత ఇస్తుంది? కానీ ఆ నోటుకి మూడేళ్ళకి కాలదోషం పడుతుంది. వెనక జమ రాయించుకోకుండా మొహమాటానికి పోయినవాళ్ళు, బాకీదారు బావమరిదో వియ్యంకుడో అయినవాళ్ళు, అసలు కూడా పోగొట్టుకోవడం మన వీధుల్లో అందరికీ తెలిసినదే. పీపీఎఫ్‌లో ఉన్న సొమ్మును కోర్టు డిక్రీతో కూడా జప్తు చేయలేరు. చెరువు మునిగిన ఏడాది ఇంట్లోవాళ్ళకి మిగిలే నాలుగు డబ్బులు అవే కావచ్చు.

మా సహకార సంఘాల మీద నాకు అభిమానమే. అయినా ఒక్క మాట ఇక్కడే అనేస్తాను. బ్యాంకు డిపాజిట్లకి 2020 ఫిబ్రవరి నుంచి ఐదు లక్షల దాకా బీమా ఉంది. ఊళ్ళో ప్రాథమిక సహకార సంఘంలో వేసిన డిపాజిట్టుకి ఆ బీమా లేదు. అర శాతం ఎక్కువ వడ్డీ కోసం జీవితకాలపు పొదుపంతా అక్కడ పెట్టిన పెద్దవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి.

ఉన్నదంతా తెచ్చి పదిహేనేళ్ళకి తాళం వేయమని చెప్పండని నేను కోరడం లేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ తినాలి కదా. అందుకని ఒక పంట పెట్టుబడి, ఇంకో ఆర్నెల్ల ఇంటి ఖర్చు మామూలు ఖాతాలోనో, తేలిగ్గా విరుచుకునే డిపాజిట్లోనో ఉంచుకున్నాకే తక్కింది ఇటు తేవాలి. పీపీఎఫ్‌లో మూడో ఏడాది నుంచి అప్పు, ఏడో ఏడాది నుంచి కొంత వెనక్కి తీసుకునే వీలు ఉన్నాయి గానీ, ఆపదకి వాటి మీద ఆధారపడకూడదు. ఈ మాట చెప్పకుండా ఖాతా తెరిపిస్తే, మొదటి తుపానుకే మిమ్మల్ని తిట్టుకుంటారు.

ఆడపిల్ల పేరున సుకన్య 2015 జనవరిలో వచ్చింది. పదేళ్ళ లోపు పాపకి తెరవాలి, పదిహేనేళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకి చేతికొస్తుంది, చదువుకైతే పాపకి 18 నిండాక సగం దాకా తీసుకోవచ్చు. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. పోస్టాఫీసులవాళ్ళు దీన్ని బాగా తీసుకెళ్ళారు, ఆ మెప్పు మీకు దక్కాల్సిందే. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళు అదే కౌంటరుకి పాప ఖాతాలో వేయడానికి వస్తారు. ఆ తల్లికి సొంతంగా ఏముందని ఎప్పుడైనా అడిగారా? లేసు కూలి డబ్బుకి అటల్ చందా ఏమంత భారం కాదు. కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే మన కోనసీమ ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ మేడలు లేస్తాయి, తిరిగొచ్చేసరికి వాళ్ళ పేరున ఒక పాసు పుస్తకం ఉండదు. విదేశంలో ఉండగా కొత్తగా పీపీఎఫ్ తెరవడానికి లేదు గానీ ఎన్‌పీఎస్ తెరవచ్చు, విదేశంలో సంపాదించింది దాచుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్టు వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. సెలవుకి ఇంటికొచ్చిన నెలలో మీ దగ్గరికి ఎలాగూ వస్తారు. అప్పుడైనా ఆ రెండు ముక్కలూ ఆమెకే చెప్పండి, పక్కన నిలబడ్డ తమ్ముడికి కాదు.

60 దాటినవాళ్ళ విషయం మీకు బాగా తెలుసు కనుక పొడిగించను. సీనియర్ సిటిజన్ల పథకంలో 30 లక్షల దాకా వేయవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. దానికి పన్ను ఉందని మాత్రం దాచకండి.

ఇక నేను అడిగేది. డిసెంబరు, జనవరుల్లో, మళ్ళీ మే, జూన్‌లలో రైతు సేవా కేంద్రం దగ్గర వారానికి ఒక పూట మీ మనిషి ఒకరు కూర్చోవాలి. పీపీఎఫ్, సుకన్య, అటల్, ఎన్‌పీఎస్ తప్ప వేరే కాగితం ఆ బల్ల మీద ఉండకూడదు. దరఖాస్తులు తెలుగులో ఉండాలి. అటల్ దరఖాస్తులో విడత గడి నింపేముందు "మీకు డబ్బు ఎప్పుడొస్తుంది?" అని అడగాలి. నామినీ పేరు రాయించకుండా ఏ ఖాతా ముగించకూడదు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు కదా, ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. రీజనల్ ఆఫీసులవారికి నా ప్రత్యేక మనవి: శాఖల పనితీరు చూసేటప్పుడు పాలసీల లెక్కతో పాటు, బాకీ పడకుండా నడుస్తున్న అటల్ ఖాతాలెన్నో, ఈ ఏడాది కొత్తగా వచ్చిన పీపీఎఫ్‌లెన్నో కూడా అడగండి. మీరు అడగని దాన్ని కింద ఎవరూ చేయరు.

సిబ్బంది లేరంటారు, తెలుసు. ఒక శాఖలో ముగ్గురితో నలభై ఊళ్ళ పని నడిపిస్తున్న మేనేజర్లని చూస్తూనే ఉన్నాను. అలాంటి చోట ఇంత చేయలేకపోతే కనీసం ఈ ఖాతాలు మీ దగ్గర ఎవరు చూస్తారో, వారంలో ఏ రోజు, ఏ వేళకి దొరుకుతారో గుమ్మం పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టండి. వచ్చే దాళ్వా సొమ్ము చేతికందేలోగా ఆ బోర్డు కనిపిస్తే, నా కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించి అడిగేవాళ్ళందరినీ ఆ రోజుకే, ఆ మనిషి దగ్గరికే పంపిస్తాను.

ఇట్లు,
పాలకొల్లులో పన్ను రిటర్నులు రాసే ఒక గుమాస్తా